మునగాకు టీలో నికోటిన్: కొండపి వైపు రిజెక్టయిన ఒక లాట్

ఈ కేసులో మొదటి తప్పు నాదే. అందుకని అక్కణ్నుంచే మొదలుపెడతాను.

ఒంగోలులో ఉండి చిన్న చిన్న ఆహార యూనిట్లకు లైసెన్సు కాగితాలు, లేబుళ్లు, ల్యాబ్ టెస్టులు చూసిపెట్టడం నా పని. ఒకప్పుడు అన్నీ పచ్చళ్లు, కారప్పొడులే వచ్చేవి. ఇప్పుడు మునగాకు పట్టుకుని వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. కొండపికీ టంగుటూరుకీ మధ్య ఒక పల్లెలో ఒకావిడ మూడెకరాల మునగ వేసి, ఆకు ఆరబెట్టి, దాంట్లో తులసి, నిమ్మగడ్డి కలిపి టీ కింద అమ్ముతున్నారు. నిబంధనల ప్రకారం టీ అంటే తేయాకు మొక్క నుంచి వచ్చిందే కాబట్టి లేబుల్ మీద ఆ మాట తీయించాను. నోటితో మాత్రం అందరం టీ అనే అంటున్నాం, ఇక్కడా అట్లాగే రాస్తాను. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరి పేరు, కొన్నవాళ్ల పేరు తీసేశాను.

ఆగస్టులో యూనిట్ చూడటానికి వెళ్లాను. ఎండలో పెడితే మునగాకు రంగు పోయి గడ్డిలాగా అవుతుంది, అందుకని డాబా మీద షేడ్ నెట్ కట్టి దాని కింద ఆరబెడుతున్నారు. బాగానే ఉంది. "మరి వానల్లో ఎట్టా అక్కా?" అని అడిగాను. మన వైపు అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, అక్టోబరు నవంబరుల్లో. వాయుగుండం పట్టిందంటే నాలుగైదు రోజులు ముసురు వదలదు. నీడన వేసిన ఆకు ఆరదు, రెండో రోజుకే బూజు వాసన.

"మా మామగారి బ్యారన్ ఉంది సార్, సంక్రాంతి దాకా ఖాళీయే" అంది.

వెళ్లి చూశాం. పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే మామూలు బ్యారన్. పదహారడుగుల చదరం, ఎత్తు గోడలు, పైన రేకు, లోపల కర్రలు వేలాడదీయడానికి వరసలుగా అడ్డ దూలాలు. పొయ్యి బయట ఉంటుంది, వేడి నేల మీది ఇనుప గొట్టాల గుండా తిరిగి అవతలి గోడ నుంచి బయటికి పోతుంది. నేల శుభ్రంగా ఊడ్చి అలికి ఉంది. "బాగుందక్కా, మంట తక్కువ పెట్టుకోండి, 55 డిగ్రీలు దాటనీయొద్దు" అని నేనే చెప్పాను. లోపల పొగాకు వాసన వచ్చిందా అని ఇప్పుడు ఎవరన్నా అడిగితే వచ్చిందనే ఒప్పుకోవాలి. కానీ ఈ వైపు పుట్టి పెరిగినవాడికి పొగాకు వాసన లెక్కలోకి రాదు. ఇంట్లో అదే, బస్సులో అదే, సీజనులో బంధువులు వస్తే వాళ్ల బట్టల్లో కూడా అదే.

కాగితం మీద అంతా బాగానే ఉంది

ఆ నవంబరులో ముసురు గట్టిగానే పట్టింది. బ్యారన్‌లో ఆరు విడతలు ఆరబెట్టారు. విడతకు 30 కిలోల ఎండాకు, మొత్తం 180 కిలోలు. రంగు చూస్తే ముచ్చటేసింది. చెన్నైలో ఉండి యూరప్‌కి పంపే ఒక కొనుగోలుదారు శాంపిల్ అడిగారు. పంపేముందు నేను ఇక్కడి ల్యాబ్‌లో పురుగుమందుల అవశేషాల టెస్టు చేయించాను. రెండు వందల పైచిలుకు మందుల జాబితా. ఒక్క క్లోర్‌పైరిఫాస్ మాత్రం హద్దుకు కాస్త లోపల కనిపించింది, మిగతావేవీ లేవు. పక్క చేలో కొట్టింది గాలికి వచ్చి పడి ఉంటుంది. వారం రోజులు మా టెన్షనంతా దాని మీదే. గట్టు పక్క రెండు సాళ్లు కోయొద్దన్నాను, వచ్చే ఏడు గట్టెంబడి జొన్న అడ్డం వేయమన్నాను. పెద్ద పని చేసినట్టు ఫైల్లో రాసుకున్నాను కూడా.

జనవరి మూడో వారంలో కొనుగోలుదారు తన ల్యాబ్ రిపోర్టు పంపాడు. నికోటిన్, కిలోకు 1.9 మిల్లీగ్రాములు. ఒప్పందంలో రాసుకున్న హద్దుకు మూడు రెట్ల పైన. దాని కింద ఇంకో వరస ఉంది: బెంజో(ఎ)పైరీన్ (పొగలో పుట్టే పదార్థం), కిలోకు 14 మైక్రోగ్రాములు. ఎండబెట్టిన మూలికలకు యూరప్‌లో దాని హద్దు 10. లాట్ రిజెక్ట్.

మా రిపోర్టులో నికోటిన్ ఎందుకు రాలేదంటే ఆ జాబితాలో అది లేదు. ల్యాబ్‌ను అనడానికి లేదు. ఫారంలో నేను టిక్కు పెట్టిన ప్యాకేజీలో ఉన్నవే వాళ్లు వెతికారు. పొగాకు జిల్లాలో కూర్చుని నికోటిన్ చూడమని అడగనివాణ్ని నేను. పొగ సంగతీ అంతే. కట్టెల పొయ్యితో ఆరబెట్టించి, పొగ వల్ల వచ్చే పదార్థాల టెస్టు అడగలేదు.

ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తరవాత మామగారు ఫోన్ తీసుకున్నారు. "పొగాకులో ఉండేది మునగాకులోకి ఎట్టా వచ్చుద్ది అబ్బాయ్? వాళ్ల మిషన్‌లోనే ఏదో తేడా ఉంది."

ఎవరి అనుమానం వాళ్లది

నేను వెళ్లేసరికి ఊళ్లో అరడజను సిద్ధాంతాలు తయారుగా ఉన్నాయి. మందుల షాపాయన ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు విరిగి నికోటిన్‌గా మారిందన్నాడట. అది జరగదు. ఆ మందుల వర్గం పేరులో (నియోనికోటినాయిడ్లు) నికోటిన్ మాట ఉన్నది అవి పురుగు నరాల మీద నికోటిన్ పట్టుకునే చోటే పట్టుకుంటాయి కాబట్టి. అవి నికోటిన్‌గా మారవు. పైగా ఇమిడాక్లోప్రిడ్ మా జాబితాలో ఉంది, దొరకలేదు.

ఆకు ఏరేవాళ్లలో ఇద్దరికి చుట్ట అలవాటు ఉంది. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. 2009లో యూరప్‌లో ఎండు పుట్టగొడుగుల్లో నికోటిన్ బయటపడి గొడవైనప్పుడు చేతుల మీంచి వచ్చిందేమో అని కూడా చూశారు. రాసి పెట్టుకున్నాను.

మూడోది నేను ఊహించనిది. షెడ్డు వెనక నీలం డ్రమ్ము ఒకటి, మూతికి గుడ్డ కట్టి ఉంది. విప్పితే ముక్కు పగిలే వాసన. అగ్నిఅస్త్రం. ఆవు మూత్రంలో వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు వేసి కాచి వడగట్టింది. మునగకు గొంగళిపురుగు పడితే ఇదే కొడతారు.

"ఇది మందు కాదు కదా సార్, ప్రకృతి వ్యవసాయం" అంది ఆవిడ. నిజంగా అడుగుతోంది, వాదనకు కాదు.

అగ్నిఅస్త్రం మీద నాకు కోపం ఏమీ లేదు. కానీ అందులో పురుగును చంపేది పొగాకులోని నికోటినే. అది ఆకు మీద పడ్డాక, సీసాలోంచి వచ్చిందా డ్రమ్ములోంచి వచ్చిందా అని ల్యాబ్ మిషన్‌కు తెలియదు. కొట్టి ఎన్ని రోజులకు కోశారని అడిగితే, "రెండు రోజులకో మూడు రోజులకో" అంది. సీసా మందు అయితే ఆవిడ పది రోజులు ఆగేది. ప్రకృతి వ్యవసాయం అనుకోవడం వల్ల ఆగలేదు.

నాలుగోది బ్యారన్. దాని గురించి మాట్లాడేముందు పెద్దాయనకు, అంటే ఆవిడ మామగారికి, ఒక లెక్క వేసి చూపించాను. ఈ వైపు వర్జీనియా పొగాకులో నికోటిన్ సుమారు 2 శాతం అనుకుందాం. కిలోకు 1.9 మిల్లీగ్రాముల చొప్పున 180 కిలోల లాట్ మొత్తానికీ కలిపి 342 మిల్లీగ్రాములు. అంత నికోటిన్ 17 గ్రాముల పొగాకులో ఉంటుంది. పిడికెడు కూడా కాదు. "ఆరు విడతల ఆకులో కలిపి ఒక పిడికెడు పొగాకు దుమ్ము పడలేదని చెప్పగలరా?" అన్నాను. పెద్దాయన పైకి దూలాల వంక చూశాడు. ఇరవయ్యేళ్లకు పైగా ఆ దూలాలకు పొగాకు వేలాడింది.

మల్లుగుడ్డ ముక్కలు

ఊహలతో పని జరగదు కాబట్టి ఫిబ్రవరి మొదట్లో, పొగాకు మొదటి రెలుపు (ఆకు కోత) బ్యారన్ ఎక్కకముందే, ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాం. నవంబరు నుంచి ఏమీ కొట్టని సాళ్లలో ఆకు కోసి రెండు భాగాలు చేశాం. ఒక భాగం ఇంటి పై గదిలో ఫ్యాన్ కింద, రెండోది బ్యారన్‌లో. ఇంకో నాలుగు చెట్లకు అగ్నిఅస్త్రం కొట్టి, మూడో రోజు కోసి, అదీ పై గదిలోనే ఆరబెట్టాం. చుట్ట కాల్చేవాళ్లెవరూ ముట్టుకోకుండా కోత, ఏరడం అన్నీ ఆవిడా నేనే చేశాం, చేతులకు గ్లౌజులు వేసుకుని.

బ్యారన్‌కు ఇంకోటి చేశాను. కొత్త మల్లుగుడ్డ కొని, సబ్బు లేకుండా మూడుసార్లు వేడినీళ్లలో ఉతికి ఆరేసి, అరచేయంత ముక్కలు కత్తిరించాం. ఆకు ఏమీ లేని ఖాళీ బ్యారన్‌లో ఆ ముక్కలను కింద, మధ్యలో, పై దూలం పక్కన తీగలతో వేలాడదీసి, మునగాకుకు పెట్టినంత మంటే పెట్టి, ఒక రాత్రి వదిలేశాం. తెల్లారి తీస్తే కింది ముక్క తెల్లగానే ఉంది. పైది చూపుకు తెల్లగా ఉన్నా ముక్కు దగ్గర పెట్టుకుంటే బ్యారన్ తలుపు తీసినట్టు ఉంది. ఆవిడ కూడా వాసన చూసి, మాట్లాడకుండా దాన్ని కవర్లో వేసి మూతి మడిచింది. ల్యాబ్‌కు వెళ్లకముందే సంగతి అక్కడే సగం తేలిపోయింది.

నికోటిన్ కొంత ఆవిరయ్యే గుణం ఉన్నది. గోడలకు, కొయ్యకు పట్టి ఉంటుంది, వేడి తగిలితే మళ్లీ గాలిలోకి లేస్తుంది, పక్కన ఏది చల్లగా, తడిగా దొరికితే దాని మీద కూర్చుంటుంది. సిగరెట్టు తాగే గదిలో పరదాలకు వాసన పట్టడం ఇదే పద్ధతి. పచ్చి మునగాకు పరదాకన్నా మంచి చోటు. కాబట్టి నేల అలికామా, దుమ్ము దులిపామా అన్నదాంతో ఇది పోదు. పైన దూలం ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉంటుంది.

ఖాళీ బ్యారన్‌కు మంట పెట్టిన రాత్రే రెండో సంగతీ బయటపడింది. లోపల లైటు ఆర్పి నిలబడితే అవతలి మూల గొట్టం అతుకు దగ్గర ఎర్రటి సన్న గీత. బ్యాటరీ లైటు వేసి చూస్తే అతుకుకు మెత్తిన బంకమట్టి పగిలి, దాని పైన గోడకు మసి నాలుకలాగా పాకి ఉంది. గొట్టాల్లో పొగ గొట్టాల్లోనే ఉంటే ఆకుకు తగలదు, ఈ పద్ధతి పెట్టిందే అందుకు. అతుకు పగిలితే బ్యారన్ కాస్తా పొగ గది అయిపోతుంది. పొయ్యిలో జామాయిల్ కట్టె, సరుగుడు కొమ్మలు, కొన్ని పచ్చివి. బెంజో(ఎ)పైరీన్ వచ్చింది అక్కణ్నుంచే. పొగాకుకు ఆ అతుకు నాలుగేళ్ల నుంచి అట్లాగే ఉందట, ఎవరూ పట్టించుకోలేదు.

రిపోర్టులు మార్చి నెలలో వచ్చాయి. బ్యారన్‌లో ఆరిన ఆకులో నికోటిన్ కిలోకు 1.5 మిల్లీగ్రాములు. అగ్నిఅస్త్రం కొట్టి మూడో రోజు కోసి పై గదిలో ఆరబెట్టినదానిలో 0.3. రెండూ కూడితే 1.9 రాదు, సరిగ్గా రావాలని కూడా లేదు. ఏ విడతలో ఎంత కొట్టారో, దూలానికి ఎంత దగ్గర పెట్టారో ఎవరూ రాసి పెట్టలేదు. మల్లుగుడ్డలో పైకి పోయేకొద్దీ ఎక్కువ. ప్రధాన దోషి బ్యారన్, పక్కన చేయి వేసింది డ్రమ్ము. చుట్ట చేతుల మీద అనుమానం పూర్తిగా పోలేదు గానీ అంత లెక్కకు వాళ్లు అక్కర్లేదు.

ఏమీ కొట్టకుండా, పై గదిలో ఆరబెట్టిన శాంపిల్‌లో సున్నా రావాలి. 0.04 వచ్చింది. దాని సంగతి చివర్లో చెబుతాను.

కప్పులోకి ఎంత దిగుతుంది

ఈ మొత్తం కేసులో నాకు ముఖ్యం అనిపించింది ఇదే. ల్యాబ్ రిపోర్టు ఆకు గురించి చెబుతుంది. తాగేవాళ్లు తాగేది నీళ్లు. ఆకులో ఉన్నదంతా నీళ్లలోకి దిగదు, ఏది దిగుతుంది ఏది దిగదు అన్నది పదార్థాన్ని బట్టి పూర్తిగా మారిపోతుంది.

టీ రుచి చూసేవాళ్ల అంతర్జాతీయ పద్ధతి ఒకటి ఉంది: 2 గ్రాముల ఆకు, 100 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు, 6 నిమిషాలు. ఆ కొలతతోనే రిజెక్టయిన లాట్ ఆకుకు కషాయం తీయించి, ఆ నీళ్లను టెస్టు చేయించాం. 2 గ్రాముల ఆకులో 3.8 మైక్రోగ్రాముల నికోటిన్ ఉండాలి. నీళ్లలో 3.3 దొరికింది. అంటే 87 శాతం కప్పులోకే వచ్చేసింది. బెంజో(ఎ)పైరీన్ నీళ్లలో అసలు దొరకలేదు. వారం రోజులు నిద్ర పట్టనీయని క్లోర్‌పైరిఫాస్ కూడా దొరకలేదు. రెండూ ఆకు పిప్పిలోనే ఉండిపోయాయి.

కారణం చెప్పడానికి పెద్ద రసాయన శాస్త్రం అక్కర్లేదు. నికోటిన్ నీళ్లతో ఎంత కలిపితే అంత కలిసిపోతుంది. క్లోర్‌పైరిఫాస్ లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము దరిదాపుల్లోనే కరుగుతుంది. బెంజో(ఎ)పైరీన్ అయితే మిల్లీగ్రాములో కొన్ని వేల వంతులు. అది నూనె సరుకు, ఆకు మైనాన్ని పట్టుకుని కూర్చుంటుంది. మామూలుగా జనం భయపడే పాత మందులు, సైపర్‌మెత్రిన్ లాంటివి, ఈ రెండో రకమే. కొత్త తరం మందులు ఇమిడాక్లోప్రిడ్, ఎసిటామిప్రిడ్, థయామెథాక్సామ్ నీళ్లలో బాగా కరుగుతాయి, కాబట్టి కప్పులోకీ బాగా దిగుతాయి. ఆకు రిపోర్టులో రెండు మందులు ఒకే అంకెతో కనిపించినా తాగేవాడి దగ్గరకు వచ్చేసరికి వాటి మధ్య పది, ఇరవై రెట్ల తేడా ఉండొచ్చు.

పెద్దాయనకు ఇది చెబుతుంటే మధ్యలో ఆపాడు. "పొద్దున్నే మంచు తడి మీద ఆకు రెలిస్తే కూలోళ్లకు తల తిరిగి వాంతులయ్యేది అందుకేనా?" అందుకే. తడి చర్మం మీదికి నికోటిన్ దిగుతుంది, అక్కణ్నుంచి ఒంట్లోకి. పొడి ఆకుతో అంత ఇబ్బంది ఉండదు. జీవితమంతా పొగాకు పండించిన మనిషికి నేను గంటసేపు చెప్పిందంతా ఆ ఒక్క మంచు తడి మాటలో ఉంది. తరవాత నేను వేరే యూనిట్లలో కూడా ఈ ఉదాహరణే వాడుతున్నాను.

మనవాళ్ల తాగే పద్ధతి ఆ 6 నిమిషాల పద్ధతి కాదు. గిన్నెలో వేసి సగం అయ్యేదాకా మరగబెడతారు, పైన నిమ్మకాయ పిండుతారు. మరిగించేకొద్దీ దిగాల్సింది దిగుతుంది. నిమ్మరసం పులుపుకు సీసం లాంటి లోహాలు కూడా కాస్త ఎక్కువ దిగుతాయి, నికోటిన్ సరేసరి. కాబట్టి నీళ్లలో కరిగే పదార్థం ఏదైనా సరే, లెక్క వేసేటప్పుడు నేను మొత్తం నూటికి నూరూ కప్పులోకి వచ్చిందనే వేస్తాను.

అలా వేస్తే ఎంత ప్రమాదం? యూరప్ ఆహార భద్రతా సంస్థ 2009లో నికోటిన్‌కు పెట్టిన హద్దు, ఒక రోజులో కిలో బరువుకు 0.8 మైక్రోగ్రాములు. 60 కిలోల మనిషికి 48. ఒక కప్పులో 3.8 చొప్పున పన్నెండు కప్పులు దాటితే గానీ అక్కడికి చేరడు. ఈ లెక్క చూపిస్తే ఆవిడ మొహంలో వెలుగు వచ్చింది. నేను దాన్ని వెంటనే ఆర్పాల్సి వచ్చింది. 10 కిలోల పిల్లకు ఆ హద్దు 8 మైక్రోగ్రాములు, రెండు కప్పులతో సరి. మునగాకు మన ఇళ్లల్లో ఎవరికి ఎక్కువ పెడతారు? బాలింతలకు. నికోటిన్ తల్లి పాలలోకి వెళుతుంది. మునగాకు టీ కొనేవాళ్లు ఆరోగ్యం కోసమే కొంటున్నారు, పైగా ఆహారంలో నికోటిన్ కలపకూడదని మన నిబంధనల్లో స్పష్టంగా ఉంది. కలపడం వేరు, అంటుకోవడం వేరు అని వాదించొచ్చు. ఆ వాదన నేను చేయను.

దారిలో కనిపించిన ఇంకోటి

శాంపిళ్లకు తిరిగేటప్పుడు తులసి మడిలో ఒక కలుపు కనిపించింది. పూగుత్తి తేలు తోకలా వంకర తిరిగి, చిన్న చిన్న లేత నీలం పూలు. నాగదంతి. గట్టు మీద గిలిగిచ్చ కూడా ఉంది, ఎండిన కాయ ఊపితే గలగలలాడేది. ఇది నికోటిన్ కేసుకు సంబంధం లేనిది, కానీ చూసి ఊరుకోలేకపోయాను. ఈ రెంటిలోనూ పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉంటాయి, కాలేయాన్ని దెబ్బతీసే రకం. 1970ల్లో సర్గుజా వైపు, అప్పటికి మధ్యప్రదేశ్, చిరుధాన్యంలో గిలిగిచ్చ జాతి గింజలు కలిసి జనం పొట్టలో నీరు చేరి చనిపోయారు. జమైకాలో ఆ జాతి ఆకులతో కాచిన కషాయాలు తాగి పిల్లల కాలేయాలు పాడైనట్టు 1950ల్లోనే వైద్యులు రాశారు. ఇవి కూడా నీళ్లలోకి బాగా దిగే సరుకే. చేత్తో గుప్పెళ్లుగా కోసే మునగలో కలుపు పడే అవకాశం తక్కువ. కొడవలితో మొదలంటా కోసే తులసి, పుదీనా, నిమ్మగడ్డిలో నాలుగు మొక్కలు పడినా తెలియదు. యూరప్ ఇలాంటి కషాయాల ఎండాకుకు కిలోకు 200 మైక్రోగ్రాములు, పుదీనా లాంటి కొన్నిటికి 400 హద్దు పెట్టింది, 2022 జూలై నుంచి అమల్లో ఉంది. తులసి శాంపిల్ ఒకటి పంపితే హద్దుకు బాగా లోపలే వచ్చింది. అయినా కోతకు ముందు రోజు మడి మొత్తం కలుపు తీయాలని, పీకిన కలుపు మడిలోనే పడేయకుండా బయట వేయాలని రాయించాను. కుళ్లిన కలుపులోంచి ఆ ఆల్కలాయిడ్లు మట్టిలోకి దిగి పక్క మొక్కకు చేరతాయి.

కారప్పొడి మాట

180 కిలోల ఆకు గదిలో గోనెల్లో ఉంది. పెట్టుబడి అప్పు తెచ్చింది. ఎవరైనా అడిగే ప్రశ్నే ఆవిడ అడిగింది: "టీ కింద వద్దులెండి సార్. ఒంగోలులో కారప్పొడికి అడుగుతున్నారు, అట్టా ఇచ్చేద్దామా?"

ఇక్కడే లెక్క తిరగబడుతుంది. టీలో పిప్పి పారేస్తాం, పొగ నుంచి వచ్చింది పిప్పితోపాటు పోతుంది. కారప్పొడిలో పిప్పి ఏముంది, ఆకంతా అన్నంలో నెయ్యి వేసి కలుపుకుని తినేయడమే. నికోటిన్ అంతా వస్తుంది, టీలో ఒక్క చుక్క కూడా రాని బెంజో(ఎ)పైరీన్ కూడా వస్తుంది. అది క్యాన్సర్ కారకమని తేలిన పదార్థం, నెయ్యి నూనెల్లో హాయిగా కరిగేది. రెండు గ్రాముల సంచీకి బదులు ముద్దకు ఐదు గ్రాముల ఆకు. టీకి పనికిరాని సరుకు పొడికి అసలే పనికిరాదు. మునగాకు పొడిని క్యాప్సూల్ గొట్టాల్లో నింపి మాత్రల్లా అమ్మేవాళ్లకూ ఇదే మాట.

ఇంకో సలహా వేరే వ్యాపారి నుంచి వచ్చింది. మంచి ఆకులో పదో వంతు కలిపితే హద్దు లోపల పడుతుందట. అంకె ప్రకారం నిజమే. యూరప్ నిబంధనల్లో హద్దు దాటిన కలుషితాల సరుకును మంచిదానితో కలిపి పలచన చేయడం నిషేధం. నా మట్టుకు నేను ఆ పనికి కాగితాలు రాయనని చెప్పాను. ఆవిడ ఆ రాత్రి ఫోన్ చేసి మళ్లీ అడగలేదు. రెండు రోజుల తరవాత, "ఆకు పూడ్చడానికి గుంట తీయిస్తున్నాం, వచ్చి చూస్తారా" అంది. వెళ్లాను. రంగు ఇంకా అంత పచ్చగానే ఉంది, అది చూడటం కష్టంగా ఉంది. పెద్దాయన ఒక గోనె మాత్రం పక్కకు తీయించాడు. "రోజుకు నాలుగు చుట్టలు కాల్చేవోణ్ని, ఇది నన్నేం చేసుద్ది" అన్నాడు. ఆయనకు నికోటిన్ గురించి చెప్పడానికి నా దగ్గర మాటలేమీ లేవు. మసి గురించి చెప్పి, కాచి తాగండి గానీ పొడి చేసుకుని తినొద్దన్నాను.

లెక్క కుదరని 0.04

ఏమీ కొట్టని చెట్లు, పై గది, గ్లౌజులు. అయినా 0.04. ల్యాబ్ పొరపాటేమోనని మళ్లీ పంపాం, మళ్లీ అంతే. ఇంట్లో చుట్ట పొగ పై గదిలోకి వస్తుందా అని ఆలోచించాం. పెద్దాయన బయటే కాలుస్తాడు. అప్పుడు చెట్ల పాదులు తవ్వి చూశాం. మట్టిలో ముదురు గోధుమ రంగు నలిగిన తునకలు. పొగాకు పొట్టు. గ్రేడింగ్‌లో రాలిన పొట్టు, విరిగిన కాడలు ఎరువు బదులు, చెదలు పట్టకుండా ఉంటాయని పెద్దాయన రెండేళ్లుగా పాదుల్లో వేస్తున్నాడు. ఈ ఊళ్లో అందరూ చేసే పనే.

2015లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పరిశోధకులు పుదీనా కుండీల్లో మట్టి మీద పొగాకు వేసి చూశారు. పుదీనా వేళ్లతో నికోటిన్ పీల్చుకుని ఆకుల్లోకి చేర్చుకుంది. పుదీనా చేసింది మునగ చేయదనడానికి కారణం లేదు. బయట అంటుకున్నదైతే కడగొచ్చు. వేళ్ల గుండా వచ్చింది ఆకు లోపలే ఉంటుంది, కడిగినా పోదు.

పొట్టు వేయడం ఆపేశారు, సగం చెట్లకు పాదుల్లో పైమట్టి తీసి మార్చారు. అగ్నిఅస్త్రంలోంచి పొగాకు తీసేసి వేపాకు, పచ్చిమిర్చి, వెల్లుల్లితో కాస్తున్నారు. గొంగళిపురుగు మీద కాస్త తక్కువ పనిచేస్తోందట, పురుగు ముదిరిన కొమ్మలు కోసి తగలబెడుతున్నారు. బ్యారన్ మళ్లీ పొగాకుకే పోయింది, గొట్టం అతుకు మాత్రం కొత్తది వేశారు. ఈ అక్టోబరు ముసురుకు కరెంటుతో నడిచే చిన్న ట్రే డ్రయ్యర్ కొన్నారు, విడతకు పన్నెండు కిలోలే పడుతుంది. ప్రతి విడతకూ తేదీ, సాళ్ల నంబరు, ఆఖరుసారి ఏం ఎప్పుడు కొట్టారన్నది ఆవిడ స్కూలు నోటుబుక్కులో రాస్తోంది. ల్యాబ్ ఫారంలో నికోటిన్ ఇప్పుడు మొదటి వరసలో ఉంటుంది.

జూన్ కోతలో మట్టి మార్చిన చెట్ల ఆకులో నికోటిన్ 0.02 వచ్చింది, మార్చని చెట్లలో 0.04 అట్లాగే ఉంది. ఆ చెట్ల ఆకు విడిగా కోసి విడి సంచుల్లో పెడుతున్నారు. సెప్టెంబరు రిపోర్టు వచ్చాక వాటి పాదులు కూడా తవ్వాలా, చెట్లనే తీసేయాలా అన్నది చూస్తాం.